కొల్లేటి పక్షులూ, కెమెరా దర్శనమూ



గుడికి వెళ్ళినప్పుడు మనం ముందుగా చేసే పని ఏమిటి? చూడటం. దానికే దర్శనమని పేరు. తీర్థం, ప్రసాదం, శఠగోపం అన్నీ ఆ తరువాతే. "స్వామిని కళ్ళారా చూసి వచ్చాం" అని ఇంటికొచ్చి చెప్పుకుంటాం గాని, "ముట్టుకుని వచ్చాం" అని చెప్పుకోం. కళ్ళారా చూడటం, ముట్టుకోకుండా రావటం, చూసినదాన్ని మనసులో నిలుపుకోవటం - మన భక్తిలో సగం ఈ మూడింటిలోనే వుంది.

సరిగ్గా ఈ మూడు పనులూ చేసే యంత్రం ఒకటుంది. అదే కెమెరా. కొంగను, కొలనును, పొలం గట్టును ఫోటో తీసి, "ఇదీ నా పూజే" అనేవాళ్ళు ఈ రోజుల్లో మన గోదావరి జిల్లాల్లోనూ కనిపిస్తున్నారు. విన్నవాళ్ళు కొందరు నవ్వుతారు. ఫోటో తీయటమేమిటి, పూజేమిటి అంటారు. నవ్వేసి వూరుకునే మాట కాదిది. దీని వెనక చాలా చరిత్ర వుంది. ఆ చరిత్రలో ఓ ముఖ్యమైన ఘట్టం ఎక్కడో పరాయి దేశంలో కాదు, మన కొల్లేటి సీమలోనే జరిగింది. దాన్ని గురించే ఇవాళ నాలుగు మాటలు.

ముందు ఆ చోటు సంగతి. ఇటు కృష్ణ, అటు గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మధ్య పల్లంగా మిగిలిపోయిన నేల కొల్లేరు. తమ్మిలేరు, బుడమేరు, ఇంకా ఎన్నో కాలువలూ మురుగు కోడులూ దానిలోకి నీళ్ళు తెస్తాయి. నిండిన నీరు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతానికి పోతుంది. మంచినీటి సరస్సుల్లో మన దేశంలో పెద్దవాటిలో ఇదొకటి. సరస్సు నడుమ మెరక మీద లంక గ్రామాలున్నాయి. కిక్కిస దుబ్బులూ, తామరలూ, దోనెలూ, కొర్రమీనూ - కొల్లేరంటే మన పెద్దలకు గుర్తొచ్చేవి ఇవి.

చరిత్రలో కూడా కొల్లేటికి చోటుంది. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో రెండవ పులకేశి విజయాలు చెబుతూ, యుద్ధంలో నెత్తురు కలిసిన "కునాల" జలాల ప్రస్తావన చేశారు. ఆ కునాలమే కొల్లేరని చరిత్రకారులు గుర్తించారు. ఏలూరు పక్కనున్న పెదవేగి ఆనాటి వేంగి నగరం. అక్కడినుంచి ఏలిన శాలంకాయన రాజులకు చిత్రరథస్వామి, అంటే సూర్యుడు, కులదైవం. రోజూ మనింటి పెరట్లోకి వచ్చే వెలుగునే దేవుడిగా కొలిచారన్నమాట. వెలుగుతో బొమ్మ గీయటమే ఫోటోగ్రఫీ అని తెలిసిన మనకు ఈ సంగతి కొంచెం ముచ్చటగా తోస్తుంది.

ఇక కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ వుంది. నీటి నడుమ వెలసిన తల్లి. ఫాల్గుణమాసంలో అమ్మ జాతరకు చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు. ఆ కోటను పట్టుకునే కథ ఒకటి ఇప్పటికీ చెబుతారు. శత్రువులు సరస్సు నీళ్ళు దించేందుకు ఉప్పుటేరు తవ్వించారనీ, ఆ పోరులో ఒడ్ర సేనాని గెలుపు కోసం తన కన్నకూతురినే బలి ఇచ్చాడనీ, అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరొచ్చిందనీ ఆ కథ. కథలో నిజమెంతో అటుంచండి. సరస్సులో నీరు వుండటమా పోవటమా అన్నది ఆడబిడ్డ ప్రాణంతో ముడిపెట్టి చెప్పుకున్నారంటే, ఈ సీమవాళ్ళకు ఆ నీళ్ళు ఎంత ముఖ్యమో తెలుస్తోంది కదండీ.

మరి పక్షులకూ భక్తికీ సంబంధమేమిటి? చాలా దగ్గరి సంబంధమే. వేటగాడి బాణానికి కూలిన క్రౌంచపక్షినీ, దాని జంట ఏడుపునూ చూసి కరిగిన మనసులోంచే వాల్మీకికి మొదటి శ్లోకం పుట్టిందని మనకు చిన్నప్పటినుంచీ తెలుసు. బైబిలులో 104వ కీర్తన పక్షుల గూళ్ళనూ, చెట్టుమీద కాపురముండే కొంగనూ తలుచుకుని సృష్టికర్తను స్తుతిస్తుంది. ఖురానులో రెక్కలు చాచి ఎగిరే పక్షులు కూడా తమ ప్రార్థన తాము ఎరుగుననే భావం వుంది. ఏలూరు వంటి ఊళ్ళో గుడీ, చర్చీ, మసీదూ ఒకే బజారులో వుంటాయి. మూడింటికి వెళ్ళేవాళ్ళూ తలెత్తి చూస్తే కనపడేది ఒకే కొంగల బారు.

ఇంగ్లండులో జాన్ రే అనే పండితుడు 1691లోనే సృష్టిలో కనిపించే దైవజ్ఞానం గురించి గ్రంథం రాశాడు. గిల్బర్ట్ వైట్ అనే మతగురువు తన చిన్న పల్లె సెల్బోర్న్‌లో పిట్టల్నీ పురుగుల్నీ ఏళ్ళ తరబడి చూసి రాసిన పుస్తకం 1789లో వెలువడింది. ఊరు దాటకుండా, వాకిట్లోంచి చూసి రాసిన పుస్తకమే ప్రపంచానికి ప్రకృతి శాస్త్రంలో పాఠమైంది. ఇల్లు వదిలి వెళ్ళటానికి వీలులేదని బాధపడే మనకు ఇది గుర్తుంచుకోదగ్గ మాట.

అయితే ఆ రోజుల్లో ఒక చిక్కుండేది. పక్షిని దగ్గరగా చూడాలంటే కాల్చి చంపాల్సిందే! చంపి, చర్మం వలిచి, దూది కూరి పెట్టెలో భద్రపరిచేవారు. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ దొర మన తెలుగు పక్షుల గురించి ఎంతో రాశాడు. 1843 నుంచి 1847 వరకు మద్రాసులో ఆయన వెలువరించిన పక్షుల బొమ్మల పుస్తకానికి బొమ్మలు వేసినవాళ్ళలో మన దేశపు చిత్రకారులున్నారు. మనవాళ్ళు కలివికోడి అనే పక్షికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. 1900 తరువాత అది కంటికి కనపడక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. దాని జాడ తెలిసినవాడు శాస్త్రవేత్త కాదు, ఆ ఊరి వేటగాడు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. ఇలాంటిదే మరొకటి చెబుతాను.

ప్రపంచానికి ఫోటోగ్రఫీ 1839లో తెలిసింది. ఇరవై ఏళ్ళు తిరక్కముందే మన ప్రాంతానికి చెందిన వస్తువులు కెమెరా ముందుకొచ్చాయి. ఇలియట్ దొర 1845లో అమరావతిలో తవ్వించి తీసిన బౌద్ధశిల్పాలను, మద్రాసు మ్యూజియంలో వుండగా, 1858లో లీనియస్ ట్రైప్ అనే ఆయన ఫోటోలు తీశాడు. తామరపూలూ, ఏనుగులూ, మొక్కుతున్న ఆడవాళ్ళూ చెక్కిన ఆ రాళ్ళ బొమ్మలు నేటికీ వున్నాయి. అంటే కృష్ణాతీరపు భక్తిని కెమెరా తొలిరోజుల్లోనే పట్టుకుందన్నమాట. కాని రాయి కదలదు. పిట్ట కదులుతుంది. బరువైన పెట్టెలూ, గాజు పలకలూ మోసుకుతిరిగే ఆ కాలంలో ఎగిరే పక్షిని ఫోటో తీయటం కలలోని మాటే.

తుపాకీ స్థానంలోకి కెమెరా రావటానికి ఇంకా చాలా కాలం పట్టింది. సలీం అలీ 1931-32లో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల లెక్క తీసినప్పుడు కూడా తుపాకీ తప్పనిసరే. ఆయన యాత్రల్లో భార్య తహ్మీనా వెంట వుండేది. గుడారాల్లో సంసారం నడిపి, ఆయన పనికి చేదోడైన ఆ ఇల్లాలు 1939లో చిన్నవయసులోనే పోయింది. పుస్తకాల అట్టలమీద ఆమె పేరు వుండదు. గరిటె పట్టిన చెయ్యి కూడా శాస్త్రానికి సాయపడుతుందని చెప్పుకోవటానికే ఆమె పేరు ఇక్కడ తలుచుకున్నాను. తరువాతి కాలంలో అస్సాంలో తేయాకు తోటల్లో పనిచేసిన ఇ.పి. గీ, మద్రాసులో ఎం. కృష్ణన్ వంటివాళ్ళు అడవికి కెమెరా పట్టుకుని వెళ్ళటం ఒక సంప్రదాయంగా నిలబెట్టారు. చంపకుండా తెచ్చుకోవచ్చునని చూపించారు. అహింసను పరమధర్మమనే దేశంలో ఇది చిన్న మార్పేమీ కాదు.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. గూడబాతును మీరు చూసే వుంటారు. పెద్ద ఒళ్ళు, బూడిదరంగు కలిసిన తెలుపు, పొడుగాటి ముక్కు, ముక్కు కింద తోలుసంచి. వెనకటి రోజుల్లో ఇద్దరు మనుషులు చెరో పక్కా నిలబడి గూడతో చేలోకి నీళ్ళు తోడేవారు. ఈ పక్షి తన ముక్కుసంచితో అచ్చం అలాగే నీళ్ళు తోడి, నీరు వదిలేసి చేపను మింగుతుంది. ఆడా మగా కలిసి గూడు చూసుకుంటాయి. గుడ్లు పొదగటానికే నెలరోజులు. ఆపైన పిల్లలు గూడు వదలటానికి నెలలు పడుతుంది.

ఈ పక్షి గుడ్లు పెట్టేది ముఖ్యంగా బర్మాలోని సిట్టాంగ్ నదీ మైదానాల్లోనేనని శాస్త్రజ్ఞులు చాలాకాలం అనుకున్నారు. మన కడప వైపు గూళ్ళున్నాయని 1906లోనూ, 1936లోనూ వార్తలొచ్చినా, పెద్దగా ఎవరి దృష్టిలోనూ పడలేదు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ యువకుడు మన పశ్చిమ గోదావరిలో, ఆరేడు అనే పల్లె దగ్గర, గూడబాతుల గూళ్ళు చూశాడు. ఒకటీ రెండూ కాదు, పెద్ద గుంపు. ఆయన రాసిన వ్యాసం 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో అచ్చయింది. 1960లో అదే పత్రికలో గీ కూడా గూడబాతుల సంతానం గురించి రాశాడు. ఇంగ్లీషు ఉపన్యాసకుడైన నీలకంఠన్ తరువాత ఇందుచూడన్ అనే పేరుతో కేరళ పక్షుల మీద 1958లో పుస్తకం రాసి, తన భాషవాళ్ళకు పిట్టల్ని పరిచయం చేశాడు.

ప్రపంచానికి 1946లో తెలిసింది సరే. ఆ ఊరి ఆడవాళ్ళకు ఎప్పటినుంచి తెలుసు? పొద్దున్నే కళ్ళాపి చల్లుతూ తలెత్తితే కనపడే పక్షులు అవి! కలివికోడి కథలో వేటగాడికి తెలిసినట్టే ఇక్కడ పల్లెకు తెలుసు. శాస్త్రం తరువాత వచ్చింది.

దక్షిణ దేశంలో ఈ పెద్ద పక్షులు గూళ్ళు కట్టే చోట్లు చాలావరకు ఊళ్ళ మధ్యో, ఊరి చెరువు చెట్లమీదో వుంటాయి. నెల్లూరు వైపు నేలపట్టులో చెరువులోని కడపచెట్ల మీద గూళ్ళు. అక్కడి రైతులకు పక్షుల రెట్ట కలిసిన నీరే ఎరువు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చింతచెట్లమీదకి ఏటా పక్షులొస్తాయి. అవి వస్తేనే ఊరికి శుభమని అక్కడి జనం నమ్మకం. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో చిన్న చెరువే వాటికి దిక్కు. ఈ ఊళ్ళన్నిటా పక్షికి మొదట కాపలా కాసింది చట్టం కాదు, నమ్మకం. వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది 1972లో. నేలపట్టును రక్షిత కేంద్రంగా ప్రకటించింది 1976లో. అంతకుముందు తరతరాలుగా "వాటి జోలికి వెళ్ళకండర్రా" అని పిల్లల్ని కేకలేసిన అమ్మలూ అమ్మమ్మలే ఆ చట్టం.

అయితే నమ్మకం ఒక్కటే చాలిందా అంటే, చాలలేదు. 1970లు వచ్చేసరికి కొల్లేరు మారసాగింది. పేద మత్స్యకారులకు ఉపాధి అని ప్రభుత్వమే 1976 ప్రాంతాల్లో సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కాని డబ్బు రుచి తెలిశాక, పెట్టుబడిదారులు దిగారు. గట్లమీద గట్లు లేచాయి. నీటి దారులు మూసుకుపోయాయి. గుర్రపుడెక్క పరుచుకుంది. చెట్లు పోయాయి. ఒకప్పటి గూడబాతుల గూళ్ళ గుంపులు కనుమరుగయ్యాయి. అమ్మవారి జాతర మాత్రం ఆగలేదు. ఇక్కడే ఒక ప్రశ్న వేసుకోవాలి. తల్లికి చీరె పెట్టి, ఆమె చుట్టూ వున్న నీటిని పట్టించుకోకపోతే అది పూర్తి భక్తి అవుతుందా?

1999లో కొల్లేరును అయిదో కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టులో రాంసర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో చేపల చెరువుల గట్లను పెద్దయెత్తున తెగ్గొట్టారు. కైకలూరు పక్కన ఆటపాకలో చెరువు మధ్య మట్టిదిబ్బలు పోసి, ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. చెట్లు లేని చోట ఆ ఇనుప కొమ్మలమీదే గూడబాతులు గూళ్ళు కట్టాయి. శీతాకాలంలో వెళ్ళి చూడండి. మనం నిలబెట్టిన ఇనుముమీద పిల్లల్ని కంటున్న పక్షిని చూస్తే సంతోషమూ కలుగుతుంది, కాస్త సిగ్గూ వేస్తుంది.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. గట్లు తెగినప్పుడు పెద్దల డబ్బుతోబాటు పేదల కూడూ పోయింది. లంకల్లో వడ్డి కులస్థుల కుటుంబాలు చేపలమీదే బతికేవి. పక్షి ఫోటో అందంగా వస్తుంది. దాని వెనక గుడిసె, గుడిసెలో పొయ్యి వెలిగించలేక కూర్చున్న తల్లి ఫోటోలో పడదు. కెమెరాను పూజ అనుకునేవాళ్ళు ఆ తల్లిని చట్రంలోంచి తోసెయ్యకూడదు. సృష్టిలో ఆమె కూడా వుంది కదా. ఈనాటికీ కొల్లేటి హద్దుల గురించి వాదం సాగుతూనే వుందంటే, ఈ రెండు ఆకళ్ళకీ ఒక దారి చూడలేకపోవటమే కారణం.

"మేం పట్నంవాళ్ళం, మాకేం సంబంధం?" అంటారేమో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ఆ బుడమేరు చివరికి చేరేది కొల్లేటికే. సరస్సు అనేది ఒక పెద్ద గంగాళం. గంగాళాన్ని గట్లతో నింపితే నీరు వంటింట్లోకి వస్తుంది.

ఇక ఫోటో తీసేవాళ్ళ సంగతి. వెనకటి క్లిక్ కెమెరా రోజుల్లో ఒక రీలుకి పన్నెండు బొమ్మలు. పన్నెండు పూలతో అష్టోత్తరం చెయ్యాల్సి వచ్చినట్టు, ప్రతి ఒక్కటీ ఆలోచించి వాడేవారు. ఇప్పుడు ఫోనులో వెయ్యి తీసినా ఖర్చు లేదు. ఆ సులువులోనే ప్రమాదముంది. మంచి ఫోటో కోసం గూడు దగ్గరికి పోతే తల్లి పక్షి లేచిపోతుంది. ఆ కాసేపట్లో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది, లేదా ఎండకు పిల్ల మాడిపోతుంది. ఎగిరే బొమ్మ కావాలని చప్పట్లు కొట్టటం, రాళ్ళు విసరటం, గూటికి అడ్డమున్న కొమ్మ విరవటం - ఇవి దర్శనం కాదు, గర్భగుళ్ళోకి చెప్పులతో దూరటం. గుడిలో గడప దాటనట్టే, గూటికీ ఒక గడప వుందనుకోవాలి. బొమ్మ రాకపోయినా సరే, పక్షి లేవకూడదు. భక్తికీ సరదాకీ తేడా తెలిసేది అక్కడే.

మనమేం చెయ్యగలం? ఆటపాక వెళ్ళలేనివాళ్ళు వంటింటి కిటికీలోంచి మొదలుపెట్టవచ్చు. ఢిల్లీలో ఉషా గంగూలీ ఏళ్ళ తరబడి తన ఊరి పక్షుల్ని చూసి రాసుకుంది. ఆమె 1970లో పోయాక, 1975లో ఆ పుస్తకం వెలువడింది. నేటికీ ఢిల్లీ పక్షుల గురించి మాట్లాడేవాళ్ళు ఆమె పేరు చెప్పాల్సిందే. తాడేపల్లిగూడెం నుంచి భీమవరం వైపు బస్సులో వెళ్తూ సార్వా కోతల తరువాత పొలాల్లో దిగిన కొంగల్ని చూడండి. దాళ్వా దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనక అవి ఎలా నడుస్తాయో చూడండి. ఏలూరు కాలవ గట్టుమీద నీటికాకి రెక్కలారబెట్టుకోవటం చూడండి. ఫోటో తీస్తే దానికింద తేదీ, ఊరు, ఏ చెట్టో రాసిపెట్టండి. తేదీలేని బొమ్మ అందం మాత్రమే. తేదీ వున్న బొమ్మ సాక్ష్యం. పదేళ్ళ తరువాత "ఇక్కడ చెరువే లేదు" అని ఎవరైనా అంటే, మీ బొమ్మ మాట్లాడుతుంది.

ఆ బొమ్మలకు విలువ కట్టేవాళ్ళూ వున్నారు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటి పక్షుల లెక్క తీస్తున్నారు. చదువుకున్న శాస్త్రవేత్తలే కాదు, మామూలు మనుషులు కూడా అందులో పాల్గొంటారు. 2002లో మొదలైన ఈ-బర్డ్ అనే ఏర్పాటులో ఎవరైనా తాము చూసిన పక్షుల వివరాలు నమోదు చెయ్యవచ్చు. ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని చెరువుగట్టుకు వెళ్ళి, అరగంట మాట్లాడకుండా కూర్చుని, కనపడ్డ పక్షుల్ని లెక్కపెట్టి రాయటం కష్టమేమీ కాదు. మాట్లాడకుండా కూర్చోవటం పిల్లలకు కష్టమేమో గాని, అదీ ఒక వ్రతమే అనుకోమనండి.

నోముల్లో మనం పసుపూ కుంకుమా ఇచ్చి పుచ్చుకుంటాం. ఈ ఏడు కార్తీకమాసంలో వనభోజనాలకు వెళ్ళినప్పుడు, చెట్టుకింద విస్తళ్ళు తీసేశాక, ఒక్కసారి ఆ చెట్టుమీదకి చూడండి. గూడుంటే ఆ కింద పాటలపెట్టె మోగించకండి. దూరంగా నిలబడి ఒక్క బొమ్మ తీసుకుని, తేదీ వేసి, మీ అమ్మాయికి చూపించి, దాని తెలుగు పేరు చెప్పండి. పేరు తెలిసిన పక్షిమీద ఆ పిల్ల రాయి వెయ్యదు.

సెలవు.